సీజన్ ముగిసింది, మొదటి ర్యాంక్ ఏ టీమ్‌కి ఇవ్వాలి?

మార్చి నెలాఖరుకి అమెరికాలో పిల్లల ఐస్ హాకీ సీజన్ దాదాపు ముగుస్తుంది. వసంతంలో ట్రైఅవుట్స్ (వచ్చే ఏడాది టీముల ఎంపికలు) మొదలయ్యేలోపు రింక్ (మంచు మైదానం) లాబీల్లో, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే వాదన నడుస్తుంది: ఈ ఏడాది మన వయసు గ్రూపులో నంబర్ వన్ ఎవరు? ఒకరు లీగ్ టేబుల్ చూపిస్తారు. ఇంకొకరు స్టేట్ టైటిల్ కప్పుతో దిగిన ఫోటో పెడతారు. మూడో ఆయన రేటింగ్ అంకె చదువుతాడు. నాలుగో ఆయన "మీ మీద మేం రెండుసార్లు గెలిచాం కదా" అంటాడు. నలుగురూ చెప్పేది నిజమే. కాకపోతే ఒక్కొక్కరు ఒక్కో ప్రశ్నకు జవాబు చెబుతున్నారు.

మిషిగన్, మిన్నెసోటా, న్యూజెర్సీల్లోనూ టొరంటో చుట్టుపక్కలా ఉంటున్న తెలుగు కుటుంబాల్లో స్కేట్లు కట్టిన పిల్లలు ఇప్పుడు కనిపిస్తున్నారు. క్రికెట్ చూస్తూ పెరిగిన అమ్మానాన్నలకు ఈ ర్యాంకుల లెక్క మొదట్లో అంతుపట్టదు. ఐపీఎల్‌లో పది టీములూ ఒకే టేబుల్‌లో తలా 14 మ్యాచ్‌లు ఆడతాయి. పాయింట్లు సమానమైతే నెట్ రన్ రేట్ చూస్తాం, పని అయిపోతుంది. పిల్లల హాకీలో ఒకే వయసు గ్రూపులో వందల టీములుంటాయి. ఊరూరూ తిరిగి ఆడే ఒక్కో ట్రావెల్ టీమ్ సీజన్‌లో 40 నుంచి 60 మ్యాచ్‌ల దాకా ఆడుతుంది. అయినా దేశంలో పై వరసలో ఉన్న టీముల్లో చాలావాటికి ఒకదానితో ఒకటి తలపడే అవకాశమే రాదు. ఎదురెదురుగా నిలబడని రెండు టీముల్లో ఎవరు పైన అని తేల్చాలి. అందుకే ఏ కొలతను ఎంత నమ్మాలన్నది ముందే నిర్ణయించుకోవాలి.

నా వరస ముందే చెబుతాను. మొదట, ప్రత్యర్థుల బలాన్ని కలిపి లెక్కేసిన గోల్ తేడా చూస్తాను. ఆ లెక్కలో అర గోల్ లోపు తేడా ఉన్న టీములన్నిటినీ సమానంగా పట్టుకుంటాను. ఆ గుంపు లోపల ఇద్దరూ ఆడిన ఉమ్మడి ప్రత్యర్థుల మీద ఫలితాలు, ముఖాముఖి ఫలితాలు చూసి తేలుస్తాను. టైటిల్‌ని గౌరవిస్తాను, కానీ ర్యాంక్‌ని దాని ఒక్కదానితోనే నిర్ణయించను. గెలుపోటముల రికార్డుకి విడిగా దాదాపు ఏ విలువా ఇవ్వను.

44 గెలుపులు ఎవరి మీద?

రికార్డుతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఎక్కువమందిని దారి తప్పించేది అదే. 2023-24 రంజీ సీజన్ గుర్తు తెచ్చుకోండి. హైదరాబాద్ ఆ ఏడాది కింది శ్రేణి అయిన ప్లేట్ గ్రూపులో ఆడింది. వరస గెలుపులతో ఆ టైటిల్ కొట్టింది. అరుణాచల్ ప్రదేశ్ మీద తన్మయ్ అగర్వాల్ 147 బంతుల్లో ట్రిపుల్ సెంచరీ దాటి 366 పరుగులు చేశాడు. అదే సీజన్‌లో పై శ్రేణి అయిన ఎలైట్‌లో ఆడిన ఆంధ్ర, క్వార్టర్ ఫైనల్లో మధ్యప్రదేశ్ చేతిలో 4 పరుగుల తేడాతో ఓడి ఇంటికొచ్చింది. ఆ ఏడాది హైదరాబాద్‌ని ఆంధ్ర కన్నా పైన పెట్టమని హైదరాబాద్ అభిమాని కూడా అడగడు. అక్కడ గ్రూపుల పేర్లే శ్రేణిని చెప్పేస్తాయి కాబట్టి మనకు ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

పిల్లల హాకీలో ఆ గోడ అంత స్పష్టంగా ఉండదు. అమెరికాలో ఐస్ హాకీని నడిపే సంఘం యూఎస్‌ఏ హాకీలో టియర్ 1 అంటే ట్రిపుల్ ఏ, అదే పై స్థాయి; దాని కింద టియర్ 2 అంటే డబుల్ ఏ, సింగిల్ ఏ స్థాయిలు. కానీ ఏ టీమ్ ఏ స్థాయిలో పేరు నమోదు చేసుకోవాలన్నది చాలా చోట్ల క్లబ్ చేతిలోనే ఉంటుంది. ఒక ఊళ్లో సింగిల్ ఏ అని పిలుచుకునే టీమ్ పక్క రాష్ట్రంలో డబుల్ ఏ టీమ్‌ని ఓడించగలదు. ఒకే స్థాయిలో ఉన్నా ఒక కోచ్ కావాలని తమకన్నా బలమైన వాళ్లతో టోర్నమెంట్లు వెతుక్కుంటాడు, ఇంకొకరు సులువైన వాటికి వెళ్తారు. 50 మ్యాచ్‌ల్లో 44 గెలిచిన టీమ్, 31 గెలిచిన టీమ్ పక్కపక్కన కనబడితే నేను మొదట అడిగేది ఒకటే: ఎవరెవరితో ఆడారు? ఆ ప్రశ్నకు జవాబు లేని రికార్డు నాకు ఏమీ చెప్పదు.

లీగ్ టేబుల్‌కి ఇంతకన్నా కొంచెం ఎక్కువ విలువ ఉంది. ఒకే లీగ్‌లో అందరూ అందరితో సమానంగా ఆడితే అది నిజాయితీ గల కొలత. సీజన్ మొదట్లో పారిటీ రౌండ్ పెట్టి, ఫలితాలను బట్టి టీములను వేర్వేరు డివిజన్లలో సర్దే లీగుల్లో పాయింట్ల పట్టిక మరింత నమ్మదగినది. కానీ అది ఆ డివిజన్ గురించి మాత్రమే చెబుతుంది. రెండో డివిజన్‌లో మొదటి స్థానం, మొదటి డివిజన్‌లో ఐదో స్థానం, వీటిలో ఏది పైన? ఆ ప్రశ్నకు లీగ్ టేబుల్ దగ్గర సమాధానం లేదు.

కప్పు గెలిచిన టీమే మొదటిదా?

1980 ఫిబ్రవరి 9న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో సోవియట్ యూనియన్, అమెరికా మీద 10-3తో గెలిచింది. అమెరికా టీమ్ నిండా కాలేజీ కుర్రాళ్లు. సరిగ్గా 13 రోజుల తర్వాత లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌లో అదే కుర్రాళ్లు అదే సోవియట్ టీమ్‌ని 4-3తో ఓడించారు. తర్వాత ఫిన్లాండ్ మీద 4-2తో గెలిచి స్వర్ణం తీసుకున్నారు. ఆ పతకం వాళ్లది, అందులో ఎవరికీ సందేహం లేదు. కానీ ఆ రెండు టీములూ వంద మ్యాచ్‌లు ఆడితే ఎవరు ఎక్కువ గెలిచేవారు అన్నది వేరే ప్రశ్న. రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపితే సోవియట్‌కి 13, అమెరికాకి 7.

పిల్లల హాకీలో ఏటా మార్చిలో ఇదే చిన్న రూపంలో జరుగుతుంది. స్టేట్ టోర్నమెంట్ అంటే ఒక వారాంతంలో నాలుగైదు మ్యాచ్‌లు. హాకీలో గోల్స్ తక్కువ. ఒక గోలీ (గోల్ కీపర్) ఒక మధ్యాహ్నం అద్భుతంగా ఆడితే చాలు, షాట్లు 35-18 ఉన్న మ్యాచ్ కూడా అటు నుంచి ఇటు తిరిగిపోతుంది. కాబట్టి "స్టేట్ చాంపియన్" అనేది ఒక బిరుదు, "సీజన్‌లో ఉత్తమ టీమ్" అనేది ఒక అంచనా. ఒకే ఏడాది రెండూ వేర్వేరు టీములకు దక్కితే నాకు ఇబ్బంది లేదు, ఎవరికీ ఉండకూడదు.

జాతీయ స్థాయిలో ఇంకో చిక్కుంది. యూఎస్‌ఏ హాకీ దేశాన్ని 12 డిస్ట్రిక్టులుగా విభజించింది. మిషిగన్, మిన్నెసోటా, మసాచుసెట్స్, న్యూయార్క్ ఒక్కో రాష్ట్రమే ఒక్కో డిస్ట్రిక్ట్. మిగతావాటిలో కొన్ని, అనేక రాష్ట్రాలు కలిసిన విశాల ప్రాంతాలు. నేషనల్స్‌కి (జాతీయ చాంపియన్‌షిప్‌కి) చేరాలంటే ముందు మీ డిస్ట్రిక్ట్ దాటాలి. బలమైన డిస్ట్రిక్ట్‌లో రెండో స్థానంలో ఆగిపోయిన టీమ్, బలహీనమైన చోట మొదటి స్థానంలో వచ్చి నేషనల్స్‌కి వెళ్లిన టీమ్ కన్నా మెరుగైనది కావచ్చు. మిషిగన్‌లో సెమీఫైనల్లో ఓడిపోయారని ఒక టీమ్‌ని కిందికి తోసేసేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఆ పిల్లలు దేశంలోనే అతి కష్టమైన దారిలో నడిచారు.

ఆహ్వాన టోర్నమెంట్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. క్యూబెక్ నగరంలో 1960 నుంచి ఏటా ఫిబ్రవరిలో జరిగే అంతర్జాతీయ పీ-వీ (సుమారు 12 ఏళ్ల పిల్లల) టోర్నమెంట్ వీటన్నిటిలో పేరున్నది. హాకీ దిగ్గజం వేన్ గ్రెట్స్కీ 1974లో ఇక్కడ ఆడాడు. అలాంటి చోట గెలవడం పిల్లలకు జీవితాంతం గుర్తుండే సంగతి. ర్యాంకింగ్ విషయానికొస్తే మాత్రం, అక్కడ ఏ టీములను ఓడించారో విడివిడిగా చూసి, మామూలు మ్యాచ్‌ల్లాగే లెక్కలో కలపాలి.

రేటింగ్ అంకెను ఎలా చదవాలి

అసలు విషయం ఇక్కడుంది, కొంచెం ఓపిగ్గా చదవండి.

అమెరికా, కెనడాల్లో ఎక్కువమంది చూసేది మైహాకీ ర్యాంకింగ్స్. దాని లెక్కలో రహస్యమేమీ లేదు. టీమ్ ఒక్కో మ్యాచ్‌లో సగటున ఎన్ని గోల్స్ తేడా సాధించిందన్నది మొదటి అంకె, ఓడిన మ్యాచ్‌లకు అది మైనస్. ఆడిన ప్రత్యర్థులందరి రేటింగుల సగటు రెండో అంకె. రెండూ కూడితే ఆ టీమ్ రేటింగ్. ప్రత్యర్థుల రేటింగులూ ఇదే పద్ధతిలో వస్తాయి కాబట్టి అన్ని అంకెలూ కుదురుకునేదాకా లెక్కను మళ్లీ మళ్లీ తిప్పుతారు. వయసు గ్రూపులో అందరికన్నా పైనున్న టీమ్‌కి 99.99 ఇచ్చి మిగతావాటిని దాని కింద అమరుస్తారు.

దీనిలో నాకు నచ్చేది ఏంటంటే, ఆ అంకెను గోల్స్‌గా చదువుకోవచ్చు. 93 ఉన్న టీమ్ 91 ఉన్న టీమ్‌తో ఆడితే రెండు గోల్స్ తేడాతో గెలవొచ్చని అంచనా. శనివారం మ్యాచ్‌కి ముందు చూసుకుని, తర్వాత సరిపోల్చుకోవచ్చు. సులువైన మ్యాచ్‌లు ఏరుకుని రికార్డు పెంచుకున్నంత మాత్రాన ఇక్కడ ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే ప్రత్యర్థి బలహీనుడైతే రెండో అంకె పడిపోతుంది. బలమైన టీమ్ మీద 2-3తో ఓడితే రేటింగ్ పెరగనూ వచ్చు.

ఇక జాగ్రత్తలు. ఒక మ్యాచ్‌లో తేడా 7 గోల్స్ దాటితే 7గానే లెక్కేస్తారు. 12-0తో గెలిచినా 7-0తో గెలిచినా ఒకటే. పిల్లల మీద గోల్స్ మీద గోల్స్ గుప్పించే కోచ్‌లకు అది కళ్లెం, చాలా మంచి నియమం. కానీ దానికో పక్క ప్రభావం ఉంది. మీకన్నా 9 పాయింట్లు తక్కువ ఉన్న టీమ్‌తో ఆడి 7 తేడాతో గెలిచారనుకోండి. సూత్రాన్ని ఉన్నదున్నట్టు వేస్తే ఆ మ్యాచ్ నుంచి మీకు వచ్చేది మీ రేటింగ్ కన్నా 2 తక్కువ. లీగ్ షెడ్యూల్లో తప్పనిసరిగా బలహీన టీములతో ఆడాల్సి వచ్చిన మంచి టీమ్ ఇలా నష్టపోవచ్చు. మంచి కోచ్ 5-0 అయ్యాక మొదటి లైన్‌ని (కలిసి మంచు మీదికి దిగే ఆటగాళ్ల గుంపుల్లో మెరుగైనదాన్ని) కూర్చోబెట్టి మూడో లైన్‌కి మంచు మీద ఎక్కువ సమయం ఇస్తాడు. దాని ఖరీదు కూడా రేటింగ్‌లోనే పడుతుంది. రెండు టీములు దగ్గరగా ఉన్నప్పుడు ఇలాంటి మ్యాచ్‌లను పక్కన పెట్టి, తమ స్థాయి ప్రత్యర్థుల మీద ఆడిన వాటినే మళ్లీ కూడి చూడండి.

ఎంప్టీ నెట్ గోల్స్ ఇంకో సంగతి. ఒక గోల్ వెనకబడిన టీమ్ చివరి నిమిషంలో గోలీని తీసేసి ఆరో ఆటగాణ్ణి దింపుతుంది. ఖాళీ నెట్‌లోకి పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) వెళ్తే 3-2 మ్యాచ్ కాస్తా 4-2 అవుతుంది. కాగితం మీద రెండు గోల్స్ తేడా, నిజానికి చివరిదాకా ఒక గోల్ మ్యాచే. స్కోర్ షీట్‌లో గోల్ పడిన సమయం ఉంటుంది, చూసుకోండి. ఇద్దరి మధ్య మూడు నాలుగు మ్యాచ్‌లే ఉన్నప్పుడు ఇది తేడా తెస్తుంది.

ఇక దీవుల సమస్య. ఒక ప్రాంతంలోని టీములన్నీ సీజనంతా తమలో తామే ఆడుకుంటే, వాటిలో ఎవరు మెరుగో రేటింగ్ చక్కగా చెబుతుంది. ఆ ప్రాంతం మొత్తం మిగతా దేశంతో పోలిస్తే ఎక్కడుందో చెప్పాలంటే బయటివాళ్లతో ఆడిన మ్యాచ్‌లు కావాలి. అలాంటివి నాలుగైదే ఉంటే, ఏదో ఒక నవంబర్ వారాంతంలో ఇద్దరు ఆటగాళ్లు జ్వరంతో రాకపోయిన ఒక టీమ్ ఫలితం ఆ ప్రాంతం మొత్తాన్నీ కిందికి లాగేస్తుంది. దూర ప్రాంతాల టీములను పోల్చేటప్పుడు మధ్యలో ఎన్ని వంతెన మ్యాచ్‌లున్నాయో లెక్కపెట్టండి. తక్కువైతే అర గోల్ బదులు ఒక గోల్ తేడాని కూడా సమానంగానే చూడండి.

అర గోల్ అన్న గీత నేను ఊరికే గీసింది కాదు. పిల్లల హాకీలో ఒక్కో మ్యాచ్ ఫలితం అంచనాకి రెండు మూడు గోల్స్ అటో ఇటో పోవడం మామూలే. 50 మ్యాచ్‌ల సగటు తీస్తే ఆ ఊగిసలాట 50 వర్గమూలంతో, అంటే సుమారు 7తో భాగించినంతగా తగ్గి, 0.3 నుంచి 0.4 గోల్ దాకా మిగులుతుంది. రెండు టీములను పోల్చేటప్పుడు ఇద్దరివీ కలిసి దాదాపు అర గోల్ అవుతుంది. 93.0 ఉన్న టీమ్ 92.8 ఉన్న టీమ్ కన్నా మెరుగని అంకె చెబుతున్నట్టు కనిపిస్తుంది కానీ, అంత బరువు మోసే శక్తి ఆ తేడాకి లేదు.

గోల్స్‌ని అసలు పట్టించుకోకుండా గెలుపోటములనే ప్రత్యర్థి బలంతో తూచే పద్ధతి కూడా ఉంది. కాలేజీ హాకీ అభిమానులు చూసే క్రాచ్ రేటింగ్ అలాంటిది. 1952లో వచ్చిన బ్రాడ్లీ-టెర్రీ గణిత నమూనా దానికి పునాది. 9-0కి, 1-0కి తేడా చూడదు కాబట్టి గోల్స్ గుప్పించే ఆశ ఎవరికీ పుట్టదు. కాలేజీ హాకీలో టీములు తక్కువ, స్థాయిలు దగ్గర, అక్కడ అది బాగా పనిచేస్తుంది. పిల్లల హాకీకి నేను గోల్ తేడా పద్ధతినే ఎంచుకుంటాను. బ్రాడ్లీ-టెర్రీ లెక్కలో ఒక్క మ్యాచ్ కూడా ఓడని టీమ్ రేటింగ్ అనంతానికి పోతుంది, దాన్ని కిందికి దించడానికి ప్రత్యేకంగా సర్దుబాటు చేయాలి. చిన్న లీగుల్లో ఓటమి లేని టీములు తరచుగా ఉంటాయి. పైగా 1-4తో ఓడటానికి, ఓవర్‌టైమ్‌లో 3-4తో ఓడటానికి పిల్లల మధ్య చాలా తేడా ఉంది. దాన్ని లెక్కలోంచి తీసేయడం నాకిష్టం లేదు.

ముఖాముఖి, ఉమ్మడి ప్రత్యర్థులు

ఇద్దరూ ఎదురెదురుగా ఆడిన మ్యాచ్ కన్నా గట్టి సాక్ష్యం ఏముంటుంది అనిపిస్తుంది. నాలుగైదు మ్యాచ్‌లుంటే నిజమే. ఒక్కటే ఉంటే, అది సెప్టెంబర్‌లో జరిగి ఉంటే, నేను దానికి పెద్దగా తూకం ఇవ్వను. సెప్టెంబర్ టీమ్, మార్చి టీమ్ ఒకటి కావు. 13 ఏళ్ల పిల్లాడు ఆరు నెలల్లో రెండు అంగుళాలు పెరగగలడు. ఆ రోజు నెట్‌లో ఎవరున్నారో కూడా అడగండి. చాలా టీముల్లో ఇద్దరు గోలీలు వంతులవారీగా ఆడతారు, ఇద్దరి స్థాయిలో గోల్ తేడా ఉండొచ్చు. ఆదివారం ఉదయం ఏడింటికి, రెండు రోజుల్లో నాలుగో మ్యాచ్‌గా ఆడిన ఆటను, మామూలు లీగ్ మ్యాచ్‌ను ఒకే గాటన కట్టకూడదు. టోర్నమెంట్లలో పీరియడ్లు (మ్యాచ్‌లోని మూడు భాగాలు) తరచుగా చిన్నవి చేస్తారు. ఆట పొట్టిదైతే బలహీన టీమ్‌కి అవకాశం పెరుగుతుంది. షూటౌట్‌లో తేలిన మ్యాచ్‌ని నేను డ్రాగానే రాసుకుంటాను. మూడు పీరియడ్ల టీమ్ ఆట గురించి ఆ ఒంటరి షాట్లు ఏమీ చెప్పవు.

ఉమ్మడి ప్రత్యర్థులను మాత్రం జనం తక్కువగా వాడతారు, వాడాల్సినంత వాడరు. ఎప్పుడూ కలవని రెండు టీములు ఒకే ఆరు టీములతో ఆడి ఉంటే, ఆ ఆరుగురి మీద ఇద్దరి సగటు గోల్ తేడా పక్కపక్కన రాయండి. ప్రత్యర్థి బలం గురించిన వాదనంతా అక్కడితో ఆగిపోతుంది. ఒక్క ఉమ్మడి ప్రత్యర్థితో మాత్రం గొలుసు కట్టకండి. మేం వాళ్లని ఓడించాం, వాళ్లు వీళ్లని ఓడించారు, కాబట్టి మేం వీళ్లకన్నా పైన అనే లెక్క హాకీలో నిలబడదు.

వయసు ఒకటే అనుకోకండి

దీన్ని చాలామంది చూడనే చూడరు. యూఎస్‌ఏ హాకీలో వయసు గ్రూపులు పుట్టిన సంవత్సరాన్ని బట్టి ఉంటాయి, జనవరి 1 నుంచి లెక్క. మిన్నెసోటా మాత్రం వేసవిలో వచ్చే తేదీని కటాఫ్‌గా పెట్టుకుంది. అక్కడి హాకీ ఊరి సంఘాల చుట్టూ, స్కూల్ తరగతుల చుట్టూ పెరిగింది కాబట్టి వాళ్లకు అదే సహజం. ఫలితంగా మిన్నెసోటా టీమ్, ఇల్లినాయ్ టీమ్ ఒకే పేరున్న డివిజన్‌లో తలపడినా, ఆ పిల్లల మధ్య నెలల తేడా ఉండొచ్చు. 12 ఏళ్ల వయసులో ఆరు నెలలు తక్కువ కాదు. కెనడాలో మేజర్ జూనియర్ (పై స్థాయి యువ లీగులు), ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ప్రధాన ప్రొఫెషనల్ లీగ్) ఆటగాళ్లలో సంవత్సరం మొదటి మూడు నెలల్లో పుట్టినవాళ్లు అసాధారణంగా ఎక్కువున్నారని 1985లోనే రోజర్ బార్న్‌స్లీ బృందం చూపించింది. ఏడాది మొదట్లో పుట్టిన పెద్దపిల్లలు చిన్నప్పుడే ఎంపికై, మంచి శిక్షణ దక్కించుకుని ముందుకెళ్తారు. కాబట్టి అండర్-12 టీమ్ ర్యాంకులో కొంత భాగం జనవరి, ఫిబ్రవరి పుట్టినరోజులదే.

2011-12 సీజన్ నుంచి యూఎస్‌ఏ హాకీ బాడీ చెకింగ్‌ని (ప్రత్యర్థిని ఒంటితో ఢీకొట్టడాన్ని) అనుమతించే వయసును అండర్-12 నుంచి అండర్-14కి మార్చింది. అందువల్ల అండర్-12లో పైనున్న టీమ్ అండర్-14కి రాగానే కిందికి జారడం మామూలే. వేగంతో, చేతి నైపుణ్యంతో గెలిచిన చిన్న పిల్లలు ఒక్కసారిగా పెద్దవాళ్ల ఢీలను తట్టుకోవాలి. నిరుటి ర్యాంకుని ఈ ఏడాది వాదనలోకి తేవద్దనడానికి ఇదొక్కటే చాలు.

ఒక ఉదాహరణతో తేల్చుదాం

ఇది నేను కల్పించిన ఉదాహరణ. అండర్-14 డబుల్ ఏ, మూడు టీములు: ఎరుపు, నీలం, తెలుపు. నీలం, తెలుపు ఒకే రాష్ట్రం. ఎరుపు పక్క రాష్ట్రం.

ఎరుపు 50 మ్యాచ్‌ల్లో 44 గెలిచి, 4 ఓడి, 2 డ్రా చేసుకుంది. సగటు గోల్ తేడా 4.0, ప్రత్యర్థుల సగటు 88.5, రేటింగ్ 92.5. తమ స్టేట్ టైటిల్ గెలిచింది. నీలం 31 గెలిచి, 14 ఓడి, 5 డ్రా. గోల్ తేడా 1.4, ప్రత్యర్థులు 91.6, రేటింగ్ 93.0. తెలుపు 36 గెలిచి, 11 ఓడి, 5 డ్రా. గోల్ తేడా 2.2, ప్రత్యర్థులు 90.6, రేటింగ్ 92.8. స్టేట్ ఫైనల్లో నీలం, తెలుపు మీద ఓవర్‌టైమ్‌లో 2-1తో గెలిచింది. ఎరుపు, నీలం ఒక్కసారే ఆడాయి, సెప్టెంబర్‌లో ఎరుపు 3-2తో గెలిచింది. ఎరుపు, తెలుపు కలవనే లేదు.

రికార్డు చూస్తే ఎరుపు. రేటింగ్ చూస్తే నీలం. మూడు రేటింగులూ అర గోల్ పరిధిలోనే ఉన్నాయి కాబట్టి ముందు మూడింటినీ సమానంగా పెడదాం. తర్వాత ఉమ్మడి ప్రత్యర్థులు. ఎరుపు, నీలం ఇద్దరూ ఆడిన టీములు ఆరున్నాయనుకుందాం. వాటి మీద ఎరుపు 2 గెలిచి, 3 ఓడి, 1 డ్రా, సగటు తేడా మైనస్ 0.5. నీలం 4 గెలిచి, 1 ఓడి, 1 డ్రా, సగటు ప్లస్ 1. ఎరుపు గోల్ తేడాలో ఎక్కువ భాగం బలహీన టీముల మీద వచ్చిందని తేలిపోయింది. సెప్టెంబర్‌లో నీలం మీద గెలిచిన ఆ ఒక్క మ్యాచ్ ఈ ఆరింటి సాక్ష్యాన్ని తిప్పలేదు. ఎరుపు మూడో స్థానం. నిరుత్సాహపడాల్సిన పని లేదు, కానీ వచ్చే ఏడాది షెడ్యూల్ మార్చుకోవాలి.

నీలం, తెలుపు సీజన్‌లో ఐదుసార్లు కలిశాయి. అక్టోబర్‌లో తెలుపు 4-1. నవంబర్‌లో నీలం 4-2. జనవరిలో తెలుపు 3-2. ఫిబ్రవరిలో తెలుపు 3-1. మార్చి ఫైనల్లో నీలం 2-1. తెలుపు మూడు గెలుపులు, గోల్స్ 13-10. గెలుపులు సీజనంతా పరుచుకుని ఉన్నాయి, ఒక టీమ్ చివర్లో ఒక్కసారిగా ఎదిగిన ఆనవాలు లేదు. రేటింగ్‌లో నీలానికున్న 0.2 ఆధిక్యం లెక్కలోకి రానంత చిన్నది. నేనైతే తెలుపుకి మొదటి ర్యాంక్ ఇస్తాను. స్టేట్ చాంపియన్ నీలం, ఆ కప్పు వాళ్లది.

ఇదే ఉదాహరణలో తెలుపు మూడు గెలుపులూ అక్టోబర్, నవంబర్‌లలోనే వచ్చి, జనవరి నుంచి ఆడిన రెండు మ్యాచ్‌లూ నీలమే గెలిచి ఉంటే నా నిర్ణయం మారేది. సీజన్ ముగింపులో ర్యాంక్ ఇస్తున్నాం కాబట్టి, సమానంగా ఉన్నవాళ్ల మధ్య జనవరి నుంచి ఆడిన ఆటకు ఎక్కువ తూకం ఇవ్వడం న్యాయం. యూఎస్‌ఏ హాకీ నేషనల్స్ రోస్టర్‌కి (ఆటగాళ్ల జాబితాకి) గడువు డిసెంబర్ 31. ఆ తేదీ దాటాక టీమ్ దాదాపు స్థిరపడుతుంది, కాబట్టి నేను కూడా దాన్నే గీతగా వాడతాను.

చిన్నపిల్లలకు, వచ్చే ఏడాదికి

అండర్-8 పిల్లలు రింక్‌ని అడ్డంగా పంచుకుని చిన్న మైదానంలో ఆడతారు. ఎక్కువసార్లు పక్ తాకాలని, ఎక్కువ ఆనందించాలని. వాళ్లకు ర్యాంకులు వేయకండి. అండర్-10లో కూడా నేను వేయను. ఆ వయసులో ఒక్క పిల్లాడు బాగా స్కేట్ చేస్తే టీమ్ మొత్తం గెలిచేస్తుంది, అది టీమ్ గురించి ఏమీ చెప్పదు. అండర్-12లో స్థూలంగా గుంపులుగా చూస్తే చాలు: పైవాళ్లు, మధ్యవాళ్లు, ఇంకా నేర్చుకుంటున్నవాళ్లు. నిఖార్సుగా వరస నంబర్లు వేయడానికి అర్థం వచ్చేది అండర్-14 నుంచే.

చాలామంది తల్లిదండ్రులు ఈ ర్యాంకుని చూసేది ట్రైఅవుట్స్ కోసం. ర్యాంక్ వచ్చింది పోయిన ఏడాది రోస్టర్‌కి. వసంతంలో ఆ పిల్లల్లో కొందరు పై గ్రూపుకి వెళ్తారు, కొందరు క్లబ్ మారతారు, ఒక్కోసారి కోచే మారిపోతాడు. అందుకని క్లబ్ డైరెక్టర్‌ని ర్యాంకు గురించి అడగకుండా ఇవి అడగండి: నిరుటి ఆటగాళ్లలో ఎంతమంది తిరిగి వస్తున్నారు? అదే కోచా? గోలీలు ఇద్దరూ ఉంటున్నారా? వారానికి ప్రాక్టీసులు ఎన్ని? దగ్గరి మ్యాచ్‌ల చివరి ఐదు నిమిషాల్లో మూడో లైన్ పిల్లలు మంచు మీదికి దిగుతారా? చివరి ప్రశ్నకు కోచ్ ఇచ్చే జవాబు మీకు నచ్చకపోతే, ఆ టీమ్ నంబర్ ఒకటైనా, మీ అబ్బాయో అమ్మాయో మూడో లైన్‌లో ఉంటారనుకుంటే రెండో స్థానంలో ఉన్న క్లబ్ ట్రైఅవుట్‌కి కూడా పేరివ్వండి. రెండు ట్రైఅవుట్స్ ఒకే వారాంతంలో పడే అవకాశం ఎక్కువ, తేదీలు ముందే చూసుకోండి.